వెడల్పు లేని ఊరు

మొన్న ఆదివారం పొద్దున్న ఎండురొయ్యలు వేయించాను. న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్ వంటింట్లో ఎండురొయ్యలు వేయించడమంటే దొంగతనం చేసినంత పని. కిటికీలన్నీ తీశాను, ఫ్యాన్లన్నీ వేశాను, ఎదురింటి వాళ్ళకి వాసన పోకుండా తలుపు కింద తడి టవల్ దోపాను. అయినా స్మోక్ అలారం కుయ్యోమని మొదలెట్టింది. కాలేజీ సెలవులకి వచ్చిన మా అమ్మాయి ముక్కు మూసుకుని గదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఏం చచ్చిపోయింది? నా జాకెట్ అంతా స్మెల్ అయిపోతుంది!"

"ఏమీ చావలేదు. మా ఊరి వాసన ఇది. పడకపోతే బయటికి పో."

"తెనాలి ఇలా స్మెల్ వస్తుందా?"

"తెనాలి కాదే. నేను చిన్నప్పుడు ఉన్న ఊరు. ఇక్కడే అమెరికాలో, లూసియానాలో, సముద్రం పక్కన."

దానికి ఈ సంగతి తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. మా ఇంట్లో ఆ ఊరి మాట ఎవరం ఎత్తం. పేరడిగింది, చెప్పాను. ఫోన్లో మ్యాప్ తీసి వెతికింది, దొరకలేదు. నేను ఒక చేత్తో అట్టముక్క పట్టుకుని అలారానికి విసురుతూ, ఇంకా కిందకి, ఇంకా కిందకి అని చెప్తుంటే వేలితో జరుపుకుంటూ పోయింది. చివరికి ఆగిపోయి, "అమ్మా, ఇక్కడ అంతా బ్లూ ఉంది. ఆర్ యూ ష్యూర్?" అంది.

ఎందుకో దాని మీద ఇంతెత్తున లేచాను. నేను పుట్టి పెరిగిన దాని గురించి నన్నే ష్యూరా అని అడుగుతావా అని అరిచాను. పుట్టింది అక్కడ కాదు గదా, అదీ అబద్ధమే. పిల్ల బిక్కమొహం వేసుకుని లోపలికి పోయింది. ఈలోగా రొయ్యలు మాడిపోయాయి. వాటిని చెత్తలో పారేసి, కుర్చీలో కూలబడ్డాను.

మా ఊరికి పొడుగే గాని వెడల్పు లేదు. ఉన్నదల్లా ఒక్క రోడ్డు. దానికి ఒక పక్క పడవలు తిరిగే కాలువ, రెండో పక్క మోకాలిలోతు బురద, తుంగ. ఆ తుంగ అయిపోయిన చోట సముద్రం. కాలువకీ తుంగకీ మధ్య దొరికిన కాస్త గట్టి నేల మీద ఒకే వరసలో ఇళ్ళు. ప్రతి ఇల్లూ స్తంభాల మీద, మనిషి నిలువుకన్నా ఎత్తున ఉండేది. ఎవరింటికి పోయినా ముందు మెట్లెక్కాలి. ఊరి మొదట్లో పడవలొచ్చినప్పుడు పైకి లేచే వంతెన, తరవాత పోస్టాఫీసు, చర్చి, ఐసు ఫ్యాక్టరీ, నాన్న క్లినిక్, దాని పక్కనే మా ఇల్లు. ఇంకాస్త ముందుకు పోతే రోడ్డు సముద్రంలోకి దిగిపోయేది. మాట వరసకి అనడం లేదు. మధ్యనున్న పసుపు గీత కూడా చెరగకుండా నీళ్ళ కిందకి పోయేది.

మేం వెళ్ళిన మొదటి రోజున నాన్న ఇల్లు కనుక్కోలేక అక్కడిదాకా తీసుకెళ్ళి సడన్‌గా బ్రేకు వేశాడు. వెనక సీట్లో ఉన్న నాయనమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "ఇదేంట్రా, రోడ్డు వేస్తూ వేస్తూ మధ్యలో మానేశారూ?" అంది. అమ్మ మాత్రం కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. తెనాలిలో పెళ్ళికి ముందు అమ్మ ఊహించుకున్న అమెరికాలో ఇలాంటి ఊరు లేదు. రోడ్డు మధ్యలో మానెయ్యలేదని మాకు తరవాత తెలిసింది. ఒకప్పుడు ఆ రోడ్డు ఇంకా చాలా దూరం పోయేదట. దాని పక్కన ఇళ్ళు, బడి, డాన్సు హాలు ఉండేవట. ఆ నేలంతా కొంచెం కొంచెంగా నీళ్ళల్లో కలిసిపోయింది.

నాన్న ఆ ఊరికి ఇష్టపడి రాలేదు. ఆయన డాక్టరు. ఇక్కడ ట్రైనింగ్ చేసిన వీసాకి ఒక షరతుంది. చదువయ్యాక ఇండియాకి వెళ్ళి రెండేళ్ళు ఉండాలి. అక్కర్లేదు, ఇక్కడే ఉంటామంటే, ఏ డాక్టరూ పోని ఊళ్ళో మూడేళ్ళు పని చెయ్యాలి. ఏ డాక్టరూ పోని ఊరే మాకు దొరికింది. నాన్నకి వెనక్కి పోవడానికి నామోషీ ఏమీ లేదు. కాని తమ్ముడున్నాడు. వాడికప్పుడు ఐదేళ్ళు. పుట్టుకతోనే గుండెలో లోపం. ఒక ఆపరేషన్ అయింది, వాడు కాస్త ఎదిగాక రెండోది చెయ్యాలన్నారు. నాలుగడుగులు పరిగెత్తితే నేరేడుపళ్ళు తిన్నట్టు పెదాలు నల్లబడేవి. ఆ రెండో ఆపరేషన్ ఇక్కడే, ఆ డాక్టర్ల చేతే జరగాలని నాన్న పంతం. వాడు బతకాలంటే మేం ఇక్కడ ఉండాలి. మేం ఉండాలంటే క్లినిక్ ఉండాలి. క్లినిక్ ఉండాలంటే ఊళ్ళో జనం ఉండాలి. ఈ లెక్క నాకు ఎక్కాలకంటే ముందే కంఠతా వచ్చింది.

ఆ జనానికి మా ఇంట్లో పేర్లు పెట్టింది నాయనమ్మ. ఆవిడ కృష్ణా జిల్లా దివిసీమ మనిషి. ఆర్నెల్లు మా దగ్గర ఉండేది, వెళ్ళేది, మళ్ళీ వచ్చేది. ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక ఎవరికి తోచిన పేరు వాళ్ళకి తగిలించేసింది. పడవ మీద వేటకెళ్ళే తెల్ల గడ్డం ఆయన రొయ్యల తాత. ఇంజన్లు బాగు చేసే వియత్నాం అన్నదమ్ములు పెద్దబ్బాయి, చిన్నబ్బాయి. పోస్టాఫీసులో ఉండే ఆవిడ స్టాంపులమ్మ. మా పక్కింట్లో వసారాలో పొద్దున్న కూచుంటే సాయంత్రం దాకా ఊగుడు కుర్చీలోంచి లేవని ముసలావిడ కుర్చీ మామ్మ. మేమూ అవే పేర్లతో పిలిచేవాళ్ళం. తమ్ముడైతే వాళ్ళ మొహం మీదే "కుర్చీ మామ్మా" అనేవాడు. ఆవిడ అదేదో గొప్ప బిరుదనుకుని మురిసిపోయేది.

రొయ్యల తాత వేట నుంచి రాగానే మా మెట్ల మీద ఒక బకెట్టు పెట్టి పోయేవాడు. అమ్మ ఇగురు పెడితే ఆ మసాలా వాసనకి వెయిటింగ్ రూమ్‌లో పేషెంట్లు తలుపు వైపు తిరిగి చూసేవాళ్ళు. మిగిలినవాటిని నాయనమ్మ ఉప్పేసి ఉడకబెట్టి ఎండబెట్టేది. ఎక్కడ? క్లినిక్‌కి వీల్‌చెయిర్లు ఎక్కే ఏటవాలు బల్ల ఉంటుందే, దాని మీద. పాత వల పరిచి, దాని నిండా రొయ్యలు ఆరబోసేది. పేషెంట్లు పాపం పక్కనుంచి ఒదిగి నడిచేవాళ్ళు.

"అమ్మా, ఇది క్లినిక్! ఎవరైనా కంప్లయింట్ చేస్తే నా కొంప మునుగుతుంది," అని నాన్న లబలబలాడేవాడు.

"ఏం చేస్తార్రా కంప్లయింటు? వాళ్ళూ రొయ్యలు తినేవాళ్ళేగా," అని నాయనమ్మ తీసిపారేసేది.

పెలికాన్లు వచ్చి వాలకుండా కాపలా మా ఇద్దరి పని. తమ్ముడు పరిగెత్తకూడదు గనక వాడు స్టూలు మీద కూచుని "హేయ్ హేయ్" అని అరిచేవాడు, నేను కర్ర పట్టుకుని ఉరికేదాన్ని. మధ్యలో కాలువ గట్టుకి పోయి, పురికొసకి కోడిమెడ కట్టి నీళ్ళల్లోకి వదిలి పీతలు పట్టేవాళ్ళం. ఒకసారి అలా పట్టిన పీతని నాన్న డాక్టరు సంచీలో వేశాం. రొయ్యల తాత గుండె చూద్దామని నాన్న సంచీలో చెయ్యి పెడితే అది వేలు పట్టుకుంది. నాన్న గావుకేక పెట్టాడు. తాత నవ్వీ నవ్వీ, "నా గుండెకేం కాలేదు డాక్, ముందు నీది చూసుకో," అన్నాడు. ఆ సాయంత్రం నా వీపు విమానం మోత మోగింది. తమ్ముణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు, వాణ్ణి ఎప్పుడూ అనరు.

నాయనమ్మకీ కుర్చీ మామ్మకీ దోస్తీ ఎలా కుదిరిందో దేవుడికే తెలియాలి. ఈవిడది దివిసీమ తెలుగు, ఆవిడది సగం ఇంగ్లీషు, సగం ఆ ఊరి పాత ఫ్రెంచి. మధ్యాహ్నం పూట ఇద్దరూ వసారాలో కూచుని రొయ్యల తలలు తీస్తూ ఎవరి భాషలో వాళ్ళు కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అవసరమైతే నన్ను పిలిచేవాళ్ళు. కుర్చీ మామ్మ వేలు ఎత్తి దూరంగా నీళ్ళ వైపు చూపించి, "అదిగో, ఆ కర్ర మీద పక్షి ఉంది చూడు, అక్కడే మా నాన్న నారింజతోట," అనేది. ఇంకొంచెం పక్కకి చూపించి, "అక్కడే నా పెళ్ళి డాన్సు," అనేది. నేను తెలుగులో చెప్తే నాయనమ్మ ఆశ్చర్యపోయేది కాదు. ఆవిడ తన కళ్ళతో ఉప్పెన చూసిన మనిషి. "సముద్రానికి ఆకలెక్కువ, అడగమ్మా, ఇక్కడింకా ఎందుకుంటోందో అడుగు," అంది ఒకసారి. అడిగాను. కుర్చీ మామ్మ కొంచెం సేపు ఊగి, "వీళ్ళంతా ఉన్నారుగా," అంది, రోడ్డు వైపు గడ్డం ఎగరేస్తూ. ఆవిడ అలా అన్నప్పుడు రోడ్డు మీద మా తమ్ముడు, ఒక కుక్క తప్ప ఎవరూ లేరు.

మా రెండో వేసవి చివర్లో తుఫాను వచ్చింది. టీవీలో తెల్లటి సుడి ఒకటి మా వైపే తిరుగుతూ కనిపించేది. ఊరంతా కిటికీలకి చెక్కలు కొట్టడం మొదలెట్టింది. పోలీసు కారు రోడ్డు మొదటి నుంచి చివరిదాకా మైకులో అరుచుకుంటూ తిరిగింది, అందరూ ఖాళీ చెయ్యమని. కార్ల వెనక పడవలు కట్టుకుని జనం వంతెన దాటి పోతున్నారు. కుర్చీ మామ్మ కొడుకు సిటీ నుంచి వచ్చి ఆవిణ్ణి, ఆవిడ కుర్చీని కూడా ట్రక్కులో ఎక్కించుకుపోయాడు. మా నాన్న మాత్రం కదల్లేదు.

మూడేళ్ళు ఒక్కరోజు తేడా లేకుండా ఆ క్లినిక్‌లోనే పని చెయ్యాలని, తనంతట తాను తలుపు మూస్తే వీసా పోతుందని నాన్న నమ్మకం. ఎవరు చెప్పారో తెలియదు. పిస్కాటవేలో ఉండే ఆయన స్నేహితుడికి ఫోన్ చేస్తే ఆ అంకుల్ కూడా అదే అన్నాడు. "ఒరేయ్, ఎందుకైనా మంచిది, నువ్వుగా క్లోజ్ చెయ్యకు. రేపు ఇమిగ్రేషన్ వాళ్ళు ఎందుకు క్లోజ్ చేశావని అడిగితే ఏం చెప్తావ్?" అన్నాడట. ఆయన మాత్రం న్యూజెర్సీలో భద్రంగా కూచుని సలహా ఇచ్చాడు.

"మీరు పోండి. నేనిక్కడే ఉంటాను," అన్నాడు నాన్న.

అమ్మ సూట్‌కేసు కింద పడేసింది. "అందరూ పోతుంటే ఎవరికి మందులిస్తారండీ? పీతలకా?"

"నీకర్థం కాదు. క్లినిక్ వదిలేసి పారిపోయానని రాస్తే వీడి ఆపరేషన్ ఏమవుతుంది?"

"మీరు పోతే వీడి ఆపరేషన్ ఎవరు చేయిస్తారు?"

నాన్న వినలేదు. టై కట్టుకుని క్లినిక్‌లో బల్ల ముందు కూచున్నాడు. బయట ఆకాశం పచ్చగా తిరిగిపోయింది. గాలికి మా మెట్ల మీది బకెట్టు దొర్లుకుంటూ రోడ్డు మీదికి పోయింది. అప్పుడు నాయనమ్మ మెల్లిగా మెట్లు దిగి, క్లినిక్‌లోకి వచ్చి, వెయిటింగ్ రూమ్‌లో కుర్చీలో చతికిలబడింది. కొంగులోంచి జపమాల తీసింది.

"అమ్మా, నువ్వేంటి ఇక్కడ? కారెక్కు."

"నువ్వు రావుగా. నేనూ రాను. ఉప్పెన వస్తే ఎలా ఉంటుందో నీకు తెలియదు, నాకు తెలుసు. నీ కాగితం కోసం నువ్వు కూచో. నీ కోసం నేను కూచుంటాను."

నాన్న బతిమాలాడు, అరిచాడు, చెయ్యి పట్టుకుని లాగాడు. ఆవిడ కదిలితే ఒట్టు. మేమిద్దరం గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాం. తమ్ముడి పెదాలు నల్లబడటం నాన్న చూశాడు. లేచి క్లినిక్‌కి తాళం వేశాడు. తాళం వేస్తూ చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. మా నాన్న ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ రోజు వంతెన దాటిన ఆఖరి కార్లలో మాదొకటి.

తుఫాను వెళ్ళాక రోడ్డు తెరవగానే నాన్నే మొదట వెళ్ళాడు. తరవాత మమ్మల్నీ తీసుకెళ్ళాడు. ఊరు లేదు. ఇళ్ళు లేవు, స్తంభాలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. చచ్చిపోయిన ఓక్ చెట్టు కొమ్మల్లో ఒక ఫ్రిజ్ ఇరుక్కుని ఉంది. శ్మశానంలోంచి పెట్టెలు తేలి తుంగలోకి పోయాయి. బురద వాసన, కుళ్ళిన చేపల వాసన, డీజిల్ వాసన కలిసి గొంతులో పట్టుకునేవి. నాయనమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఇదే వాసన. ఇదే," అని గొణిగింది. మా ఇల్లు ఒక్కటీ ఎలాగో మిగిలింది గాని మెట్లు కొట్టుకుపోయాయి. నిచ్చెన వేసుకుని ఎక్కేవాళ్ళం. క్లినిక్ గోడలు మాత్రమే మిగిలాయి.

పై ఊళ్ళో ఉంటూ ఈ క్లినిక్ నడిపించే బోర్డు వాళ్ళు ఒక టెంటు ఇచ్చారు. నాన్న అందులో బల్ల వేసుకుని, మళ్ళీ టై కట్టుకుని కూచున్నాడు. చెమటలు కారిపోతున్నా టై తీసేవాడు కాదు. మొదట్లో కరెంటు పని చేసే కుర్రాళ్ళు తప్ప ఒక్కరూ వచ్చేవారు కాదు. ఆ మధ్యలోనే నాన్న భయం భయంగా ఒక లాయరుని కలిశాడు. తుఫానొచ్చినప్పుడు వెళ్ళిపోతే ఎవరూ ఏమీ అనరని, అలా ఎవరైనా అనుకుంటారా అని ఆయన నవ్వాడట. కాని ఇంకో మాట కూడా చెప్పాడు. జనం లేరని క్లినిక్కే ఎత్తేస్తే మాత్రం కష్టం. వేరే ఊరు చూసుకోవచ్చు, దొరుకుతుందో లేదో, దొరికేలోపు ఏమవుతుందో చెప్పలేనన్నాడు. బోర్డు వాళ్ళేమో వచ్చే వేసవి దాకా చూస్తాం, మనుషులు తిరిగి రాకపోతే మూసేస్తాం అని తెగేసి చెప్పారు.

ఇక మా నాన్న మనిషి కాకుండా పోయాడు. రోజూ పొద్దుగూకే వేళకి మమ్మల్ని కారెక్కించుకుని వంతెన దగ్గర్నుంచి నీళ్ళదాకా మెల్లిగా నడిపేవాడు. ఎవరింట్లో లైటుందో చూడటం నా పని. ఎక్కడైనా ట్రెయిలర్ కిటికీలో వెలుతురు కనిపిస్తే "నాన్నా, అదిగో" అని అరిచేదాన్ని. నాన్న వెంటనే కారాపి, వెళ్ళి తలుపు కొట్టేవాడు. ఇల్లు చూసి పోదామని వచ్చినవాళ్ళని కూడా పట్టుకుని వదిలేవాడు కాదు. వాళ్ళు రేపు వెళ్ళిపోతామని చెప్తే కారులోకి వచ్చి స్టీరింగ్ మీద తల పెట్టుకునేవాడు.

ఆదివారాలు మరీ ఘోరం. అమ్మ పెద్ద అల్యూమినియం ట్రేలో పులిహోర కలిపేది. దాన్ని డిక్కీలో పెట్టుకుని, ఊరి జనం చెల్లాచెదురై ఉన్న చోట్లకి పోయేవాళ్ళం. మోటళ్ళు, చుట్టాల ఇళ్ళు, ట్రెయిలర్ పార్కులు. పెళ్ళిళ్ళలో కూడా మూలన కూచునే మా నాన్న ఇంటింటికీ తిరిగి ఓట్లడిగేవాడిలా చేతులు పట్టుకునేవాడు. వచ్చేయండి, నేనున్నాను, పిల్లలకి టీకాలు నేనే వేస్తాను, మందులు ఇంటికి తెచ్చిస్తాను. రొయ్యల తాత పడవ కోసం ఎలాగూ వచ్చేశాడు. వియత్నాం అన్నదమ్ముల్లో చిన్నబ్బాయి వచ్చాడు, పెద్దబ్బాయి రాలేదు. స్టాంపులమ్మ వస్తానని చెప్పి వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయింది. ఆ కబురు విన్న రోజు నాన్న అన్నం ముట్టలేదు.

ఒక ఆదివారం కుర్చీ మామ్మ దగ్గరికి వెళ్ళాం. సిటీలో కొడుకు ఇల్లు. తివాచీ, ఏసీ, పక్క వీధిలో పెద్ద హాస్పిటల్. ఆవిడ కుర్చీ కిటికీ ముందు వేశారు. కిటికీలోంచి చూస్తే పక్కింటి గోడ తప్ప ఇంకేమీ కనపడదు. నాయనమ్మని చూడగానే ఆవిడ భోరుమంది. ఇద్దరూ చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాన్న ఆవిడ పాదాల దగ్గర నేల మీద కూచున్నాడు.

"మామ్మా, నువ్వు వస్తే నీ వెనక మీ చర్చి వాళ్ళందరూ వస్తారు," అన్నాడు. ఆయన కూడా ఆవిణ్ణి మామ్మా అనడం అప్పుడే విన్నాను. "రోజూ పొద్దున్నే నీ బీపీ నేనే చూస్తాను. నీకేం కానివ్వను."

కొడుకు అడ్డం వచ్చాడు. "డాక్, మీరంటే మాకు గౌరవం. కాని అమ్మకి షుగరుంది, ఎనభై దాటింది. అక్కడ ఏముంది చెప్పండి?"

"నేనున్నాను," అన్నాడు నాన్న.

కుర్చీ మామ్మ ఆయన మొహంలోకి చూసింది. తరవాత గుమ్మం దగ్గర ఆయాసపడుతూ నిలబడ్డ తమ్ముణ్ణి చూసింది. ఆవిడకి మా సంగతంతా తెలుసు, ఊళ్ళో అందరికీ తెలుసు. "సరే," అంది. "నువ్వుంటానంటే వస్తాను."

తిరిగి వచ్చేటప్పుడు కారులో నాయనమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "ఎందుకురా ఆవిణ్ణి రమ్మన్నావు? ఆ అబ్బాయి చెప్పిందాంట్లో తప్పేముంది? ఆ బురదలో ఈ వయసులో ఎలా ఉంటుంది?"

నాన్న కారు రోడ్డు పక్కకి తీసి ఆపాడు. వెనక్కి తిరిగి, నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్న తమ్ముణ్ణి చూపించాడు. "వీణ్ణి చూడమ్మా. వీణ్ణి ఒక్కణ్ణే చూడు. ఇంకెవరి సంగతీ నాకు చెప్పకు." పులిహోర ట్రే ఖాళీగా డిక్కీలో ఇల్లు చేరేదాకా గలగలమంటూనే ఉంది.

కుర్చీ మామ్మ వచ్చింది. స్తంభాల పక్కన ట్రెయిలర్ వేయించుకుంది. కుర్చీ బయట పెట్టించుకుని మళ్ళీ ఊగడం మొదలెట్టింది. నాన్న అన్నట్టే జరిగింది. ఆవిడ వచ్చిందని తెలిసి మేనకోడళ్ళు వచ్చారు, వాళ్ళ పిల్లలు వచ్చారు, చర్చి వాళ్ళు వచ్చారు. పాత ఊరంత కాదు గాని, క్లినిక్ నిలబడేంత ఊరు మళ్ళీ పోగయింది. బోర్డు వాళ్ళు వచ్చి చూసి, టెంటు తీసేసి చిన్న గది కట్టించారు. నాన్న మాట తప్పలేదు. రోజూ పొద్దున్నే కాఫీ తాగకుండా ముందు మామ్మ దగ్గరికి వెళ్ళేవాడు. ఆవిడ చెయ్యి చాపి కూచునేది. ఆ ఏడాదే తమ్ముడికి ఆపరేషన్ అయింది. వాడు హాస్పిటల్ నుంచి వచ్చిన రోజు ఊరు ఊరంతా మా నిచ్చెన కింద చేరింది. వాడు గులాబీ రంగు పెదాలతో రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. మామ్మ కుర్చీలోంచి లేచి నిలబడి కొట్టింది.

మూడేళ్ళు పూర్తయ్యాయి. గ్రీన్ కార్డు పనులు మొదలయ్యాయి. నార్త్‌లో పెద్ద హాస్పిటల్లో నాన్నకి ఉద్యోగం దొరికింది. తమ్ముడికి ఏటా చెకప్ చెయ్యాలి, దానికి అదే మంచి చోటన్నారు. ఎవరూ కాదనలేని కారణమే అది. నాయనమ్మ అప్పటికి ఇండియా వెళ్ళిపోయింది. ఫోన్లో సంగతి చెప్తే "మరి ఆవిడో?" అని ఒక్కటే అడిగింది. నాన్న లైన్ సరిగ్గా లేదని ఫోన్ పెట్టేశాడు.

బోర్డు వాళ్ళు కొత్త డాక్టరు కోసం వెతికారు. ఎవరొస్తారు? ఏ డాక్టరూ పోని ఊరనేగా మేం వచ్చింది.

మేం బయల్దేరే రోజు పొద్దున్న కుర్చీ మామ్మ చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుని, మేనకోడలి చెయ్యి పట్టుకుని క్లినిక్‌కి తనే నడిచొచ్చింది. మామూలు పేషెంటులాగా కూచుని చెయ్యి చాపింది. "నా బీపీ చూడవా డాక్?"

నాన్న చూశాడు. ఒకసారి చూసి, మళ్ళీ పట్టీ కట్టి ఇంకోసారి చూశాడు. ఆయన మొహం నాకు తెలుసు, అది బాగున్న మొహం కాదు.

"మామ్మా, మీ అబ్బాయి దగ్గరికి వెళ్ళిపో," అన్నాడు. "ఇవాళే వెళ్ళు. నేను ఫోన్ చేస్తాను. కావాలంటే నేనే తీసుకెళ్ళి దింపుతాను. మామ్మా, నీకు దణ్ణం పెడతాను." చేతులు పట్టుకుని బతిమాలాడు. రెండేళ్ళ కిందట తివాచీ మీద కూచుని ఎలా బతిమాలాడో అలాగే.

ఆవిడ నవ్వింది. కోపంగా కాదు. "రమ్మన్నదీ నువ్వే, పొమ్మంటున్నదీ నువ్వే. వాడు ఆ గది వేరేవాళ్ళకి ఇచ్చేశాడు బాబూ. ఇక నేనెక్కడికీ పోలేను." తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి, వాడి ఛాతీ మీద చెవి ఆనించి విని, "బాగా కొట్టుకుంటోంది. పోండి, ఎండెక్కకముందే పోండి," అంది.

మేం కొత్త ఊరు చేరిన చలికాలంలోనే రొయ్యల తాత ఫోన్ చేశాడు. క్లినిక్ మూసేశారని, చర్చి వాళ్ళు, మేనకోడళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారని చెప్పాడు. కుర్చీ మామ్మకి పొద్దున్న మాట పడిపోయిందట, అంబులెన్సు పై ఊరి నుంచి వచ్చేసరికి ఆవిడ పోయిందట. ఎవరైనా డాక్టరు దగ్గర్లో ఉండుంటే అని అనబోయి, ఆపేసి, పిల్లాడు ఎలా ఉన్నాడని అడిగాడట. నాన్న ఈ మాటలు అమ్మకి చెప్తూ గోడకి జారగిలబడ్డాడు.

"నేనే కదా పిలిచాను," అన్నాడు. "హాయిగా ఉన్నదాన్ని నేనే కదా పిలుచుకొచ్చాను."

పక్క గదిలో తమ్ముడు మంచం మీద ఎగురుతున్నాడు. ఎగిరి ఎగిరి అలసిపోకుండా ఇంకా ఎగురుతున్నాడు. ఆ చప్పుడు మా ముగ్గురికీ వినిపిస్తూనే ఉంది.

ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు. వారాంతాల్లో పరుగు పందేలకి పోతాడు. ఆ ముసలావిడ బతుకు తీసుకుని మా వాడు బతికాడు, మేం బతికాం. ఈ మాట మా ఇంట్లో ఇన్నేళ్ళుగా ఒక్కరమూ పైకి అనలేదు. వాడికైతే ఇప్పటికీ తెలియదు.